రెండో మూత

అది 2025 చలికాలం. సూర్యాపేట బస్టాండుకు దగ్గర్లోని ఒక సందులో ఉన్న మందుల షాపులో నేను రిజిస్టర్డ్ ఫార్మసిస్టుగా చేరి అప్పటికి రెండేళ్లయింది. మాది తిరుమలగిరి పక్కన పత్తి పండించే ఊరు. షాపు యజమాని నర్సయ్య సార్‌కు ఈ వ్యాపారంలో ముప్పై ఏళ్ల అనుభవం ఉంది గానీ ఫార్మసీ సర్టిఫికెట్ లేదు. చట్టం ప్రకారం మందులు ఇస్తున్నంతసేపు ఆ సర్టిఫికెట్ ఉన్న మనిషి కౌంటర్ దగ్గర ఉండి తీరాలి. అందుకే గోడకు నా సర్టిఫికెట్ వేలాడుతూ ఉంటుంది, దాని కింద నేను నిలబడి ఉంటాను.

నాకు జాబితాలు రాసే అలవాటు ఉంది. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ మందులకు ఒకటి, ఫ్రిజ్‌లో ఉండాల్సినవాటికి ఒకటి, చూడటానికి ఒకేలా ఉండి వేర్వేరు పనులు చేసే మాత్రలకు ఒకటి. ఆ ఏడాది కొత్తగా ఇంకొకటి మొదలుపెట్టాను. అది కేంద్రం నుంచి వచ్చే నోటీసుల జాబితా. పిల్లల జలుబు మందుల్లో ఒక రకం ఉంది. రెండు మందులు కలిపి తయారుచేస్తారు. దాని లేబుల్ మీద ‘నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదు’ అని అచ్చువేయాలని గెజిట్ వచ్చింది. గెజిట్ అంటే ప్రభుత్వం తన ఆదేశాలను అచ్చువేసే అధికారిక పత్రిక. ఆ తర్వాత వేరే రాష్ట్రంలో దగ్గు మందు తాగిన పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. ఇక సలహాలు, హెచ్చరికలు, తనిఖీలు. ప్రతి నోటీసునూ తేదీ వేసి ఫైలులో పెట్టేవాణ్ని. ఫైలులో పెట్టాక ఆ పని అయిపోయినట్టే అనిపించేది.

ఒక శుక్రవారం ఉదయం షట్టరు ఎత్తి అరలు తుడుస్తుంటే మందుల వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ వచ్చింది. కేంద్ర ఔషధ నియంత్రణ విభాగం పేరు, హిందీలో ఒక పేజీ, ఇంగ్లిషులో ఒక పేజీ. ఒక జలుబు సిరప్ పేరు, ఒకే ఒక్క బ్యాచ్ నంబరు. బ్యాచ్ అంటే ఫ్యాక్టరీలో ఒకేసారి కలిపి, సీసాల్లోకి నింపిన సరుకు. అందులో ఒక సీసా మీద అనుమానం వస్తే అన్నింటి మీదా వచ్చినట్టే. ఆ బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసి ఉండవచ్చని అనుమానమట. పరీక్షలు పూర్తయ్యేదాకా అమ్మకం, వాడకం వెంటనే ఆపాలి. ఇప్పటికే అమ్మినవాటిని వీలైనంతవరకు వెనక్కి తెప్పించి, ఫారం నింపి పంపాలి.

డైఇథిలీన్ గ్లైకాల్ మందు కాదు. పరిశ్రమల్లో వాడే ద్రావకం. తియ్యగా ఉంటుంది, సిరప్‌లో కలిస్తే నాలుకకు తెలియదు. మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మొదట వాంతులు, తర్వాత మూత్రం తగ్గిపోవడం. పసిపిల్లల్లో ఈ రెండింటి మధ్య ఎక్కువ సమయం ఉండదు.

ఆ సిరప్ మా మూడో అరలో ఉంది. తీసి బ్యాచ్ నంబరు చూశాను. అదే.

డిస్ట్రిబ్యూటర్ ఇచ్చిన ఇన్‌వాయిస్ ప్రకారం పది సీసాలు వచ్చాయి. అరలో ఏడు ఉన్నాయి. మూడు బయటికి వెళ్లాయి. ఏడింటినీ అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, ‘అమ్మరాదు’ అని రాశాను. నర్సయ్య సార్ చాయ్ తాగుతూ చూస్తున్నాడు.

“పంపేయి. ఫారం నింపు. అయిపాయె,” అన్నాడు.

“ఫారంల ‘వినియోగదారుల వద్ద ఉన్నవి’ అని ఒక గడి ఉన్నది సార్.”

“మూడు అని రాయి.”

“రాస్తే సరిపోతదా?”

“గడి నింపుమన్నరు, నింపుతున్నం. ఊర్లు తిరుగుమన్నరా?”

“వీలైనంతవరకు అన్నరు సార్. ఎంతవరకు వీలైతదో సూడకుండ ఎట్ల తెలుస్తది?”

ఆయన గ్లాసు కింద పెట్టాడు. “చదువుకున్నోన్ని పెట్టుకుంటే గిదే తిప్పలు,” అన్నాడు గానీ వద్దనలేదు. ఆయనకు ఇద్దరు మనవరాళ్లు ఉన్నారు. వాళ్ల జలుబుకు కూడా మా అరలోంచే సీసా వెళ్తుంది.

మూడు బిల్లులూ బయటికి తీశాను. మొదటిదాని మీద ఫోన్ నంబరు ఉంది. కోదాడలో బడి టీచరు, శనివారాలు సూర్యాపేటలో అమ్మగారింటికి వస్తుంది. ఫోన్ చేసి విషయం చెప్పాను.

“అయ్యో, అదా అండీ? ఇంకా సీలు కూడా తియ్యలేదండీ. మావాడికి వేడినీళ్లతోనే తగ్గిపోయింది,” అంది. వెంటనే, “అయినా మీరు అమ్మేముందు చూసుకోరా అండీ?” అని అడిగింది. మేము సీసా విప్పి పరీక్షించలేము. కంపెనీని నమ్ముతాం, కంపెనీ ముడిసరుకు అమ్మినవాణ్ని నమ్ముతుంది, మమ్మల్ని ఆవిడ నమ్మింది. లేబుల్ ఫోటో పంపింది, సీసా రేపు తెచ్చిస్తానంది. అదే బ్యాచ్. జాబితాలో మొదటి టిక్కు.

రెండో బిల్లు మీద ‘ఆటో మల్లేశ్’ అని ఉంది. సందు చివర అడ్డాలోనే దొరికాడు. పిల్లల మందు తనే రెండు గుటకలు తాగాడట.

“పెద్దోళ్ల మందు చేదుంటది తమ్మీ. ఇది మంచిగ తియ్యగుంటది,” అని సీటు కింద నుంచి ముప్పాతిక నిండుగా ఉన్న సీసా తీసి ఇచ్చాడు. ఎందుకైనా మంచిదని రక్తపరీక్ష చేయించుకొమ్మన్నాను. “నాకేమైతది? నేను గుట్కనే అరిగించుకుంట,” అన్నాడు. బతిమాలితే దవాఖానకు వెళ్లాడు. రెండో టిక్కు.

మూడో బిల్లు మీద పేరు ఉండాల్సిన చోట ‘క్యాష్’ అని మాత్రమే ఉంది. గురువారం, అంటే ఎనిమిది రోజుల కిందట, పదకొండున్నర. ఆ సమయం చూడగానే ఒక గొంతు గుర్తొచ్చింది. “మోతె బస్సు పోతది బిడ్డా, జల్ది ఇయ్యి.”

అరవై దాటిన ఆవిడ. పక్కన ఐదేళ్ల మనవడు, ముక్కు కారుతోంది. పిల్లల డాక్టరు చీటీ తెచ్చింది. పూటకు ఐదు మిల్లీలీటర్లు, రోజుకు మూడుసార్లు, మూడు రోజులు. చదువు రానివాళ్లకు మందుల షాపుల్లో ఒక పద్ధతి ఉంది. లేబుల్ మీద పెన్నుతో గీతలు గీస్తాం. ఒక గీత అంటే ఒక పూట. మూడు గీతలు గీసి, “మూడు పూటలు, మూడు దినాలు అవ్వా. మూత మీద గీత కాడికి పొయ్యాలె,” అని చెప్పాను. సీసా మీద బోర్లించి ఉండే ప్లాస్టిక్ కొలత మూత గురించి ఆ మాట.

“ఇంకో మూత ఇయ్యి బిడ్డా,” అంది.

“సీసకు ఒకటి ఉన్నది కద అవ్వా?”

“ఉండనియ్యి. ఒక్క మూత ఇస్తే నీ షాపు ఖాళీ అయితదా?”

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. పగిలిన సీసాల మూతలు డ్రాయరులో పడేసి ఉంచుతాం. ఒకటి తీసి ఇచ్చాను. పిల్లవాడు ఆడుకుంటూ పోగొడతాడని ముందుచూపుతో అడిగింది కాబోలు అనుకున్నాను. అంతే. తర్వాతి చీటీ అందుకున్నాను.

“పన్నెండింటి కల్ల రా. నువ్వు లేకుంటే నేను కౌంటర్‌ల మందియ్యద్దు,” అని, మోతెకు పోయొస్తానన్న నన్ను నర్సయ్య సార్ పంపించాడు.

మోతెలో బస్సు దిగి, స్టేజీ దగ్గరున్న కిరాణా కొట్టులో అడిగాను. మనవడికి దగ్గు అని పోయిన గురువారం పేటకు వెళ్లిన ముసలమ్మ ఎవరు?

కొట్టు ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “మనవనికి దగ్గు లేని ముసలమ్మ ఎవలన్న ఉన్నరా అని అడుగు, అది చెప్తే సులువుగ ఉంటది.”

అయినా ఆశా కార్యకర్త ఇల్లు చూపించింది. ఆమె పేరు అనసూయ. ఆమె దగ్గర నాకు నచ్చే వస్తువు ఉంది, ఊళ్లో ఐదేళ్లలోపు పిల్లలందరి పేర్లూ రాసుకున్న రిజిస్టరు. వేలు కిందికి జరుపుకుంటూ వచ్చి ఒక పేరు దగ్గర ఆపింది. “ఈ పిల్లగాడే. మొన్ననే ఐదు నిండినయి. రాములమ్మ మనవడు. నడువుండ్రి, పోదం.”

నేను ఊహించుకున్నదానికీ చూసినదానికీ పొంతన లేదు. పిల్లవాడు వాకిట్లో పాత సైకిల్ టైరును కట్టెతో కొడుతూ పరుగెడుతున్నాడు. వాంతులు లేవు, జ్వరం లేదు. మూత్రం బాగానే పోస్తున్నాడా అని అడిగితే రాములమ్మ, “ఇగో, గా గోడ సూడు. కడిగి కడిగి నా చేతులు పడిపోతున్నయి,” అంది.

“మందు ఏదవ్వా? సీస ఉన్నదా?”

ఉంది. దేవుడి గూట్లో ఉంది. లేబుల్ మీద నేను గీసిన మూడు గీతలు అలాగే ఉన్నాయి. కానీ లోపల దీపం నూనె.

“మంచి సీస, పారేస్తమా? కడిగి నూనె పోసిన.”

“మందు అయిపోయిందా?”

“అయిపోయింది బిడ్డా. మూడు దినాల్ల పిల్లగాడు లేసి ఉరికిండు. నీ చెయ్యి మంచిది.”

నూనె ఒక గిన్నెలోకి వంపించి సీసా తీసుకున్నాను. పిల్లవాడికి ఒకసారి రక్తపరీక్ష చేయించమని అనసూయకు చెప్పి, ఆమె ఫోన్ నంబరు రాసుకున్నాను. మూడో టిక్కు పెట్టాను. స్టేజీ దగ్గరికి నడుస్తుంటే ఒళ్లు తేలికైంది. పన్నెండింటికల్లా షాపులో ఉండవచ్చు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫారం తీశాను. ‘దొరికినవి: మూడు’ అని రాయబోయి, మల్లేశ్ సీసాలో ఎంత మిగిలి ఉందో కూడా రాద్దామనుకున్నాను. సుమారు నలభై అయిదు మిల్లీలీటర్లు. టీచరుది నిండు సీసా, అరవై. రాములమ్మది సున్నా.

పెన్ను అక్కడ ఆగింది.

పూటకు అయిదు. రోజుకు మూడుసార్లు పదిహేను. మూడు రోజులకు నలభై అయిదు. సీసాలో అరవై ఉంటుంది. మూడు రోజుల్లో పిల్లవాడికి తగ్గిపోయిందని ఆమే చెప్పింది. మరి మిగతా పదిహేను ఏమైనట్టు?

పారబోసి ఉండవచ్చు. సీసానే పారేయని మనిషి మందును పారబోస్తుందా?

అప్పుడు గుర్తొచ్చింది రెండో మూత.

సీసా ఒకటే అయినప్పుడు కొలత మూతలు రెండెందుకు? ఆ ప్రశ్న కౌంటర్ దగ్గర నేనే అడిగాను. జవాబు రాకుండానే వదిలేశాను. ఎవరో ఒకరికి ఇవ్వాలని ఆ రోజే అనుకుని ఉంటే? అనసూయకు ఫోన్ చేశాను. ఆమె ఇంకా ఆ వీధిలోనే ఉంది. వెనక్కి వెళ్లి ఫోన్ రాములమ్మ చేతికిచ్చింది.

“అవ్వా, మందు మిగిలిందా ఆఖర్ల?”

“మిగిలింది జరంత.”

“ఏం చేసినవ్?”

“మా బిడ్డకు ఇచ్చిన. స్వరూపకు. మొన్న సోమారం చుట్టాల దినాలకు వచ్చిపోయింది. దాని పిల్ల గూడ దగ్గుతనే ఉంటది ఎప్పుడు.”

“ఆ పిల్లకు ఎన్నేండ్లు?”

“ఏండ్లేంది? పదునాలుగు నెలలు.”

నేను లేచి నిలబడి బస్సు ఆపమన్నాను. కండక్టర్ ఏదో అన్నాడు, వినలేదు. దిగి, రోడ్డు దాటి, మోతె వైపు వెళ్లే ఆటో ఎక్కాను.

స్వరూప ఉండేది మిర్యాలగూడలో. భర్త రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీ. వాళ్లిద్దరికీ ఒకటే ఫోన్, స్విచ్ ఆఫ్. రాములమ్మ కొడుకుకు చేస్తే, బావ ఈ సీజనుకు మిల్లు మారాడనీ కొత్త మిల్లు పేరు తెలియదనీ చెప్పాడు.

“నాకెర్క. నల్ల గొట్టమున్న మిల్లు,” అంది రాములమ్మ.

అనసూయ నుదురు కొట్టుకుంది. “మిర్యాలగూడల నల్ల గొట్టం లేని మిల్లు సూపియ్యి పెద్దమ్మా!”

“నడిపిస్తే పోత. కాళ్లకు ఎర్క.”

నర్సయ్య సార్‌కు ఫోన్ చేశాను. ముందు తిడతాడనుకున్నాను. చెప్పడం పూర్తయ్యాక అవతల షట్టరు కిందికి దిగుతున్న చప్పుడు.

“ఫార్మసిస్టు లేని షాపు ఎట్లయిన బందు పెట్టాలె. ఆడనే ఉండు, కారు తెస్తున్న.”

మోతె నుంచి మిర్యాలగూడకు ఆయన పాత కారులో రెండు గంటల దారి. నేను ముందు సీటులో, రాములమ్మ వెనక. అయిదు నిమిషాలకోసారి స్వరూప నంబరు నొక్కుతున్నాను. అదే మాట, స్విచ్ ఆఫ్. ఒక కాగితం తీసి అడగాల్సినవి రాసుకున్నాను. ఎప్పుడు మొదలుపెట్టారు? ఎన్ని మూతలు? వాంతి అయిందా? చివరిసారి మూత్రం ఎప్పుడు? రాసిందే మళ్లీ రాస్తున్నానని చూసుకున్నాక తెలిసింది.

“గిప్పుడేమైంది బిడ్డా, గంత ఉరుకుతున్నరు?” అంది వెనక నుంచి రాములమ్మ. “నా మనవనికి మంచిగనే పనిచేసె కద.”

“అది ఐదేండ్ల పిల్లగానికి రాసిన మందు అవ్వా. పదునాలుగు నెలల పిల్లకు తాపద్దు. పైంగ ఆ మందు మీద అనుమానం ఉన్నదని సర్కారు నోటీసు ఇచ్చింది.”

“గా ముచ్చట నాకెట్ల తెలుస్తది?”

“సీస మీద రాసి ఉన్నది. నాలుగేండ్లలోపు పిల్లలకు వద్దని.”

“నేను సదువుతనా? నువ్వు గీతలు గీసినవు. గీతలే బిడ్డకు చెప్పిన. మూడు పూటలు పొయ్యమని.”

నర్సయ్య సార్ తల తిప్పి నా వైపు చూశాడు. రాములమ్మ కాసేపటికి, ఎవరినో అడుగుతున్నట్టుగా మెల్లగా అంది: “మంచి మందు కద. మంచిది బిడ్డకు పెట్టకుండ తల్లి ఉంటదా?”

తర్వాత మిర్యాలగూడ వచ్చేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది.

ఆమె కాళ్లకు నిజంగానే దారి తెలుసు. బస్టాండు దగ్గర కారు ఆపించి దిగి నడిచింది, మేము వెనక. రెండు మలుపులు, ఒక రైలు గేటు. ఉడికిన వడ్ల వాసన దట్టంగా వస్తున్న ఒక గోడ పక్కన కూలీల రేకుల గదులు. మూడో గది ముందు ఆగి, “స్వరూపా!” అని అరిచింది.

స్వరూప చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. తల్లినీ, వెనక ఇద్దరు మగవాళ్లనూ చూసి బెదిరిపోయింది. “ఏందమ్మా? ఎవలకేమైంది?”

“పిల్ల ఏది?”

“పండుకున్నది. పొద్దట్నుంచి ఒకటే నిద్ర. దగ్గు తగ్గింది, మంచి మందిచ్చినవమ్మా.”

ఆ మాట వినగానే లోపలికి వెళ్లాను. చీర ఉయ్యాలలో పాప వెల్లకిలా పడుకుని ఉంది. ఊపిరి చూశాను, సమంగానే ఉంది. కాలి మీద గిల్లితే కళ్లు సగం తెరిచి మళ్లీ మూసింది. ఏడవలేదు. అది ఏడవాల్సిన వయసు.

గూట్లో చిన్న గాజు సీసా కనిపించింది. ఏదో పాత టానిక్‌ది. లేబుల్ లేదు, పేరు లేదు, బ్యాచ్ లేదు, హెచ్చరిక లేదు. అడుగున ఎర్రగా ఒక మూతెడు మిగిలింది. పక్కనే నేను ఇచ్చిన రెండో మూత.

“ఎన్నిసార్లు తాపినవ్ అక్కా?”

“నిన్న రాత్రి ఒకటి, ఈ పొద్దు ఒకటి. పగటేల మూత పోద్దమంటె లేస్తలేదు.”

“వాంతి అయిందా?”

“కాలె.”

“మూత్రం పోసిందా?”

ఆమె మొహం చిట్లించింది. “గదేం అడుగుడు?”

“చెప్పు బిడ్డా,” అన్నాడు నర్సయ్య సార్. అంత మెత్తని గొంతు నేను కౌంటర్ దగ్గర ఎప్పుడూ వినలేదు.

స్వరూప ఆలోచించింది. గదిలో తాడు మీద ఆరేసిన గుడ్డలు చూసింది. ఆ చూపుతో ఆమె మొహం మారిపోయింది. “పొద్దుగాల ఒక్కసారి. మళ్ల… మళ్ల లేదు.”

సమయం మూడు దాటింది.

ప్రభుత్వ దవాఖానలో పిల్లల డాక్టరమ్మకు నా కాగితం ఇచ్చాను. మందు పేరు, బ్యాచ్, పాప వయసు, ఇచ్చిన మోతాదు, వేళలు. నోటీసు ఫోన్‌లో చూపించాను. ఆమె రెండుసార్లు చదివి, క్రియాటినిన్ పరీక్ష రాసింది. మూత్రపిండాలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే పరీక్ష అది. సెలైన్ పెట్టారు. రిపోర్టుకు గంటన్నర పడుతుందన్నారు.

ఆ గంటన్నరలో చేయడానికి ఏ పనీ లేదు. రాయడానికి జాబితా లేదు. వరండా బెంచీ మీద రాములమ్మ నా పక్కన కూర్చుంది. ఆమె నన్ను నిందించలేదు, నేను ఆమెను నిందించలేదు. ఒకసారి మాత్రం, “మూతెడు మందు బిడ్డా. మూతెడే కద,” అంది. నేను తల ఊపాను. మూతెడు ఎవరికి ఎంత అవుతుందో చెప్పాల్సింది నేనే అని అనాలనిపించింది.

రిపోర్టు కంటే ముందు పాపే చెప్పింది. లోపల నుంచి గట్టిగా ఏడుపు వినిపించింది. స్వరూప తలుపు తోసుకుని బయటికి వచ్చి, తడిసిన కొంగు మా ముందు చాపి, నవ్వుతూ ఏడుస్తూ, “పోసిందమ్మా! నా మీదనే పోసింది!” అని అరిచింది. వరండాలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. తడిసిన చీర చూపించి అంత సంతోషపడిన మనిషిని వాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు.

క్రియాటినిన్ మామూలుగానే ఉంది. అయినా ఒక రోజు ఉంచుకున్నారు. మత్తుకూ, మూత్రం ఆగడానికీ జలుబు మందే కారణం అయి ఉండవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ మందులో నిద్ర తెప్పించే గుణం ఉంది. అయిదేళ్ల పిల్లవాడి మోతాదు పదునాలుగు నెలల పాపకు చాలా ఎక్కువ. మూడో మూత కూడా పడి ఉంటే ఊపిరి సంగతి ఆలోచించాల్సి వచ్చేదని కూడా చెప్పింది. ఆ మాట స్వరూప లేనప్పుడు, నాకు మాత్రమే చెప్పింది.

కొన్ని వారాల తర్వాత ఇంకో పీడీఎఫ్ వచ్చింది. పరీక్షల్లో ఆ బ్యాచ్‌లో విషపదార్థం కనబడలేదనీ, మందు వాడకంపై పెట్టిన ఆంక్ష తొలగిస్తున్నామనీ. నర్సయ్య సార్ చదివించుకుని పెద్దగా నవ్వాడు.

“సూసినవా? ఏం లేదట! నా కారు అరిగింది, షాపు బందయింది, నీ పరేషాన్ అంత ఉత్తదే.”

“మందు మంచిదే సార్. పిల్ల మాత్రం దవాఖానల పండుకున్నది.”

ఆయన నవ్వు ఆపాడు. “గది నిజమే,” అన్నాడు.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది ఆ రోజు బస్సులో, పెన్ను ఆగిన చోట నేర్చుకున్నాను. మూడు సీసాలూ దొరికాయని మూడు టిక్కులు పెట్టాను. నేను లెక్కపెట్టింది సీసాలను, మందును కాదు. గెజిట్‌లో పుట్టిన హెచ్చరిక ఎంతో దూరం ప్రయాణం చేసి లేబుల్ దాకా వచ్చింది. మందును వేరే సీసాలోకి వంపిన క్షణంలో ఆ హెచ్చరిక పాత సీసా మీదే ఉండిపోయింది. మందుతో పాటు మిర్యాలగూడ దాకా వెళ్లింది నా మూడు గీతలొక్కటే. గీతలకు వయసు తెలియదు. ఎవరి కోసం గీశామో వాటి మీద ఉండదు.

ఇప్పుడు చదువు రానివాళ్లకు గీతలు గీస్తూనే ఉన్నాను, వేరే దారి లేదు. కానీ సీసా చేతికిచ్చే ముందు ఒక ప్రశ్న అడుగుతాను: “మిగిలితే ఏం చేస్తరు?” సగంమంది చెల్లెలి పేరో, బిడ్డ పేరో, పక్కింటి పిల్లవాడి పేరో చెబుతారు. అప్పుడు ఆ పిల్ల వయసు అడుగుతాను. వెనక లైను పెరిగి నర్సయ్య సార్ దగ్గుతాడు. నేను ఆపను. సిరప్‌ల అమ్మకం నిబంధనలు మార్చడానికి కేంద్రం ముసాయిదా ప్రకటించి ప్రజల సూచనలు అడిగినప్పుడు నేనూ ఒకటి పంపాను. మూడు రోజులకు రాసే మందును మూడు రోజులకు సరిపోయే సీసాలోనే అమ్మాలని. జవాబు రాలేదు. రాకపోయినా దాని నకలు ఫైలులో ఉంది.

పోయిన నెల రాములమ్మ మళ్లీ వచ్చింది. మనవడికి జ్వరం మందు తీసుకుంది. నేను నోరు తెరవకముందే చెయ్యి అడ్డం పెట్టింది.

“మిగిలితే నీకే తెచ్చిస్త. నువ్వు అడుగకు.”

తర్వాత కొంగు ముడి విప్పి ఒక చిన్న వస్తువు తీసి కౌంటర్ మీద పెట్టింది. ప్లాస్టిక్ కొలత మూత. శుభ్రంగా కడిగి ఉంది.

“ఇగో, నీ రెండో మూత,” అంది. “ఇగ నాకు ఒక్కటి సాలు.”